ఈశాన్యం మూలన ముప్పై ఏడు జెండాలు

“మీ నాన్న ఏం చేస్తాడు?”

2023 మే నెలలో, ఒంటారియోలోని వాన్ అనే ఊళ్ళో, ఒక కాఫీ దుకాణంలో, అచ్యుత్ అనే యాభై రెండేళ్ళ పెద్దమనిషి కృపాబాయి అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఏం చదువుతున్నావు అనలేదు. పార పట్టడం వచ్చా అని కూడా అనలేదు, ఇవ్వబోయే పని పార పట్టడమే అయినా. ‘నాన్నగారు’ అనలేదు, ‘చేస్తారు’ అనలేదు. ఈ ప్రశ్నను తెలుగువాళ్ళు ఉద్యోగం తెలుసుకోవడానికి అడగరు. ఏ ఊరు, ఆ ఊళ్ళో ఏ పేట, ఆ పేట ఏ చివర ఉంటుంది అని తెలుసుకోవడానికి అడుగుతారు. పాస్‌పోర్టు రంగు మారినా, మైనస్ ముప్పై చలిలో ఇరవై ఏళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జలుబైనా చెయ్యదు.

“పందిళ్ళు వేస్తాడండి,” అంది కృపాబాయి.

“ఓ, ఈవెంట్ మేనేజ్‌మెంటా!”

“కాదండి. రాటలు పాతి, తాటాకు కప్పి పందిళ్ళు వేస్తాడు. నరసాపురం దగ్గర.”

“గుడ్, గుడ్. అయితే నీకు మట్టి కొత్త కాదన్నమాట,” అన్నాడు అచ్యుత్. ఆయన లెక్కలో అది మెచ్చుకోలు.

అచ్యుత్‌ది హైదరాబాదు. న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళు కోడు రాసి, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి విసిగి, సరిహద్దు దాటి ఉత్తరానికి వచ్చి నార్త్ యార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో కుదురుకున్నాడు. సాయంత్రాలు, శనివారాలు ఆయన సౌరభ తెలుగు సమాఖ్యకు అధ్యక్షుడు. నలభై మూడు కుటుంబాలు డబ్బు పోగేసి వాన్ ఉత్తరపు అంచున ఆరెకరాల పాత ఆపిల్ తోట కొన్నాయి. అక్కడ సంస్కృతిని కాపాడే భవనం ఒకటి లేవాలి. ఎనిమిది వందల మంది కూర్చునే హాలు, రెండు వంటశాలలు, మూడు వందల కార్లకు పార్కింగ్. సంస్కృతి పోను మిగిలిన రోజుల్లో హాలును పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. బ్రోషర్‌లో సంస్కృతి మొదటి పేజీలో ఉంది, అద్దె రేట్లు రెండో పేజీలో ఉన్నాయి. రెండో పేజీయే బాగా నలిగింది.

ఒంటారియోలో ఇలాంటి నేల మీద కట్టడం మొదలుపెట్టాలంటే ముందు పురావస్తు పరీక్ష జరగాలి. లైసెన్సు ఉన్న మనిషి వచ్చి, ప్రతి ఐదు మీటర్లకూ ఒక గుంత తీయించి, ఆ మట్టిని జల్లెడ పట్టించి, కింద పాత మనుషుల జాడ ఏదైనా ఉందో లేదో రాసివ్వాలి. ఏమీ లేదని రాస్తేనే పర్మిట్. సమాఖ్య దృష్టిలో ఇది చెత్త తీసుకెళ్ళే రుసుము లాంటిది. నాలుగు కొటేషన్లు తెప్పించి, అందులో అతి తక్కువదాన్ని ఇంకా తగ్గించారు. ఆ కొటేషన్ టీనా అనే ఆవిడది. ఒక పాత ట్రక్కు, రెండు జల్లెడలు, ఇరవై ఏళ్ళ అనుభవం, ఇదీ ఆవిడ కంపెనీ. “తవ్వేవాళ్ళని మేమిస్తాం, మా స్టూడెంట్లు బోలెడుమంది ఉన్నారు,” అని అచ్యుత్ ఆమె దగ్గర మూడో వంతు కోయించాడు. అంత సరైన పద్ధతి కాదని టీనాకు తెలుసు. ఆ వసంతంలో ఆమెకు వేరే పని లేదు.

బోలెడుమంది అన్న మాటలో మాత్రం అబద్ధం లేదు. ఆ ఏళ్ళలో విజయవాడ ఏజెంట్లు పిల్లల్ని విమానాలకు విమానాలు నింపి పంపారు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడుగురు, ఒక్కో ఉద్యోగానికి మూడు వందల దరఖాస్తులు. కృపాబాయి 2022 జనవరిలో ఒషావా వచ్చింది, ఒక కాలేజీలో రెండేళ్ళ సప్లై చైన్ కోర్సుకు. సప్లై చైన్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, ఏజెంటుకూ తెలియదు. సీటు ఉంది, అంతే. ఆమె పేరు నాయనమ్మది. క్లాసులో నోరు తిరక్క క్రుపా అన్నారు, పే స్లిప్పుల్లో కేబాయి అయింది.

2023 వేసవి టర్మ్ ఫీజులో ఆమె కట్టాల్సిన చివరి వాయిదా రెండు వేల నూరు డాలర్లు. గడువు జులై ఏడు. కట్టకపోతే ఆ టర్మ్ కోర్సులు రద్దవుతాయి. అప్పటిదాకా కట్టినదీ పోతుంది, చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ కూడా ఒక టర్మ్ వెనక్కి జరుగుతుంది. కాలేజీ వాళ్ళు ఈ సంగతిని ఆమెకు నాలుగు ఈమెయిళ్ళలో చెప్పారు. నాలుగింటి కిందా ‘మీ విజయమే మా ఆనందం’ అని ఉంది.

సమాఖ్య ఇచ్చేది గంటకు పన్నెండు డాలర్లు. అప్పటికి చట్టం చెప్పిన కనీస కూలి పదిహేనున్నర. కానీ కూలి అంటేనే కదా కనీసం? అచ్యుత్ దాన్ని ‘సంభావన’ అన్నాడు. పిల్లలు కూలీలు కారట, సేవకులట. రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు, మూడు వారాలు. పని పూర్తయ్యాక ఒకేసారి చెక్కు. మొత్తం రెండు వేల నూట అరవై. కృపాబాయి అక్కడే కాఫీ కప్పు మూత మీద గోటితో గీసి లెక్క చూసుకుంది. ఫీజు పోను అరవై మిగులుతుంది. ఆ టర్మ్ క్లాసులు ఎలాగూ రాత్రిపూట, ఆన్‌లైన్‌లో. ఒప్పుకుంది.

*

జూన్ ఐదున ముగ్గురు విద్యార్థులు తోటలో దిగారు. కృపాబాయి, ఆమెతో అదే బేస్‌మెంట్‌లో ఉండే ధాత్రి, కారున్న కారణంగా నాయకుడైన శ్రీహర్ష. రోజూ ఒషావా నుంచి డెబ్బై కిలోమీటర్లు రావడం, పోవడం. మొదటి రోజు టీనా పని నేర్పింది. గుండ్రంగా, మోచేయంత అడ్డంగా గుంత తియ్యాలి. నల్లటి పైమట్టి దాటి పసుపుపచ్చ అడుగుమట్టి తగిలాక ఇంకో నాలుగు వేళ్ళు దిగాలి. తీసిన మట్టంతా జల్లెడలో ఆడించాలి. ఫారం మీద గుంత నంబరు, లోతు, మట్టి రంగు, దొరికిందేమిటి అన్నవి రాయాలి. తర్వాత మట్టి పూడ్చి, ముందు కోసి పక్కన పెట్టిన గడ్డి చెక్కను మళ్ళీ టోపీలా పెట్టాలి. ఏదైనా దొరికితే అక్కడ గులాబీ రంగు జెండా గుచ్చాలి.

“ఏమీ దొరకని గుంత కూడా ఒక జవాబే,” అంది టీనా. “తవ్వకుండా ఫారం నింపితే మాత్రం అది అబద్ధం.”

చేతిరాత బాగుందని ఫారాలు కృపాబాయికి అప్పగించింది. ఐదు మీటర్ల దూరాన్ని కృపాబాయి టేపు లేకుండా అడుగులతో కొలిచేది. టీనా అనుమానంగా నాలుగుసార్లు టేపు పెట్టి చూసి ఐదోసారి మానేసింది. ఇందులో వింతేం లేదు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆమె తండ్రి ఏసుపాదం వెనక నడిచి రాటకూ రాటకూ దూరం కొలిచింది. ఏసుపాదం పెళ్ళిపందిళ్ళు వేస్తాడు, సువార్త సభల పందిళ్ళు వేస్తాడు, వినాయకుడికీ వేస్తాడు. డబ్బు ఎగ్గొట్టడంలో మూడు పార్టీలూ ఒకటే అని ఆయన అభిప్రాయం.

ఏసుపాదానికి ఒక పని పద్ధతి ఉంది. ఏటా ఫిబ్రవరిలో సువార్త సభలు ఒకే మైదానంలో జరుగుతాయి. కొత్తగా గుంతలు తీయడు. సాయంత్రం బిందెలతో నీళ్ళు చల్లించి, తెల్లారి పారతో పైమట్టి పల్చగా గీస్తాడు. చుట్టూ నేల లేత రంగులో ఉంటే, కిందటేడు రాట పాతిన చోట మాత్రం నల్లగా, గుండ్రంగా, పళ్ళెం బోర్లించినట్టు మచ్చ కనబడుతుంది. రాట పెరికాక ఆ కన్నంలోకి పైమట్టి, ఆకు, చెత్తా జారి నిండిన మచ్చ అది. అక్కడ గునపం వేస్తే సగం శ్రమ. దూరాలు కొలిచే పని ఉండదు. తడి నేల మీద మచ్చలు వెతకడం కృపాబాయికి చిన్నప్పటి ఆట.

రెండున్నర వారాలు ఏమీ దొరకలేదు. సీసా పెంకులు, ఒక గుర్రపు నాడా, ఎవరో ఆపిల్ రైతు పోగొట్టుకున్న గొళ్ళెం. అచ్యుత్ రెండు రోజులకొకసారి వచ్చి, “ఏం లేదు కదా? గుడ్!” అని పోయేవాడు. ఒకసారి మాత్రం ఆగి, టీనా వినకుండా చెప్పాడు. “పిల్లలూ, ఆ ఈశాన్యం మూల వదిలెయ్యండి. అక్కడ పూజ చేసినం. చెక్కపొట్టు పోసిన జాగా ఉంది చూడు, అది. దాన్ని గెలకొద్దు.”

ఆ పూజ సంగతి టీనాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే పిక్నిక్ టెంటు వేసిన చోటు అన్నారు.

ఏప్రిల్ ఆఖరి వారంలో అక్కడ భూమిపూజ జరిగింది. పురావస్తు పరీక్ష అయ్యేదాకా నేల ముట్టుకోకూడదని కాగితం మీద ఉంది. ముహూర్తం మాత్రం ఆ శుక్రవారం ఉదయమే ఉంది. రెండింట్లో ఏది గట్టిదో కమిటీకి క్షణం కూడా సందేహం రాలేదు. పైగా వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలి. ఆరెకరాల్లో ఈశాన్యమే కాస్త మెరకగా ఉందని, చిన్న యంత్రం అద్దెకు తెచ్చి, ఇరవై అడుగుల మేర పైమట్టి అంతా గీకేయించారు. మధ్యలో రెండడుగుల లోతున వెడల్పాటి గుంత. అందులో రాగి చెంబు, నవధాన్యాలు, నవరత్నాలు, తొమ్మిది డాలరు నాణేలు. పట్టుచీరలకు బురద అంటకుండా గీకిన చోటంతా చెక్కపొట్టు పరిచారు.

గణపతి పూజకు ముందు ఇంకో తంతు జరిగింది. ఈ మధ్య ఈ దేశంలో ఏ సభ మొదలైనా ఒక కాగితం చదువుతారు. ఈ నేల ఫలానా ఆదివాసీ జాతులదని, వారికి కృతజ్ఞతలని. సమాఖ్య కార్యదర్శి ఆ కాగితాన్ని ఇంటర్నెట్‌లోంచి దించి, చలికి వణుకుతూ చదివాడు. అందులో వెండాట్ జాతి పేరు కూడా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత యంత్రం స్టార్ట్ చేశారు.

*

జూన్ ఇరవై నాలుగు, శనివారం, పద్దెనిమిదో రోజు. ముందు రాత్రి వాన పడింది. మధ్యాహ్నానికి తొమ్మిది వందల అరవై ఐదు గుంతలు అయ్యాయి. ఇంకా ఏడు ఉన్నాయి, అన్నీ ఈశాన్యం మూలనే. టీనా తిండి తెచ్చుకోవడానికి ట్రక్కు తీసుకుని వెళ్ళింది.

తొమ్మిది వందల అరవై ఆరు సరిగ్గా చెక్కపొట్టు మధ్యలో పడింది. కృపాబాయి పొట్టు పక్కకు లాగింది. కింద పూజనాడు ఒలికిన పెసలు, మినుములు మొలిచి తెల్లటి మొలకలు పాకుతున్నాయి. పార వెయ్యగానే మట్టి మెత్తగా దిగింది. ఆ వదులు మట్టంతా తోడేసరికి, రెండడుగుల్లో పసుపుబట్ట చుట్టిన చెంబు బయటపడింది. ధాత్రి “అమ్మో, దేవుడిది!” అని రెండడుగులు వెనక్కేసింది. కృపాబాయి చెంబు తీసి, తన నీళ్ళ సీసాతో కడిగి, గడ్డి మీద పెట్టింది. తర్వాత గుంత గోడకేసి చూసింది.

పసుపుపచ్చ మట్టిలో నిలువుగా, కింద మొన తేలి, మూడు నల్లటి చారలు.

ఆమె గుంతలోంచి పైకి వచ్చి, చుట్టూ ఉన్న చెక్కపొట్టు పారతో లాగేసింది. యంత్రం గీకి వదిలిన నేల, రాత్రి వానకు తడిసిన నేల. తాపీ అంచుతో పల్చగా గీసుకుంటూ మోకాళ్ళ మీద పోయింది. ఒక మచ్చ, జానెడు దూరంలో ఇంకోటి, ఇంకోటి. రెండు వరసలు. ఒక వరసలోని సందుకు ఎదురుగా రెండో వరసలోని రాట. వరసలు మెల్లగా వంపు తిరిగి పక్క పొలం కంచె కిందికి పోతున్నాయి. పరీక్ష గుంతలు ఇంకో వందేళ్ళు తవ్వినా ఇంత శుభ్రంగా కనబడేది కాదు. వాస్తు కోసం ఖర్చు పెట్టి కమిటీయే తెరిచి పెట్టింది.

అప్పుడే అచ్యుత్ కారు దిగాడు. చేతిలో పులిహోర డబ్బాలు, జేబులో మూడు కవర్లు.

“ఏం చేస్తున్నవమ్మా అక్కడ? ఆ మూల వద్దన్నా కదా!”

“వరసలో వచ్చిందండి.”

“పూజ చేసిన జాగా అది!”

“చెంబు జాగ్రత్తగానే తీశానండి. అదిగో, కడిగి పెట్టాను.”

అచ్యుత్ చెంబును చూశాడు, తర్వాత నేలను చూశాడు. “ఏందివి, ఈ నల్ల మచ్చలు?”

“రాటలండి. ఎప్పటివో.”

“మీ నాన్నొచ్చి పాతిపోయిండా?”

శ్రీహర్ష నవ్వాడు. నవ్వాల్సిన చోట అలవాటుగా నవ్వే నవ్వు.

“మా నాన్న ఇంత దగ్గరగా పాతడండి,” అంది కృపాబాయి. “కుర్చీలు పట్టవు.”

“చూడమ్మా. ఆపిల్ తోట ఇది. చెట్ల వేర్లు ఉంటయి. వేర్లు అని రాయి.”

“వేర్లు రెండు వరసలు కట్టి నడుస్తాయా అంకుల్?”

అచ్యుత్ పులిహోర డబ్బాలు కిందపెట్టి, గొంతు తగ్గించాడు. ఆఫీసులో మనుషుల్ని తీసేసేటప్పుడు వాడే గొంతు కాబోలు, చాలా మర్యాదగా ఉంది. “నలభై మూడు కుటుంబాల కష్టార్జితం తల్లీ ఇది. ఇక్కడ ఏదో ఉందని ఒక్క మాట రాస్తే రెండేళ్ళు ఆగిపోతది. ఏం కావాలి నీకు? ఆ పొట్టు మళ్ళా కప్పెయ్. ఈ ఏడు గుంతలకి ఏం దొరకలేదు అని రాయి. ఇదిగో చెక్కు. సోమవారం బ్యాంకులో వేసుకో. ఫీజుందన్నవ్ కదా?”

కవరు మీద ‘కృప’ అని రాసి ఉంది. బాయి దాకా వచ్చేసరికి ఆయన ఓపిక అయిపోయినట్టుంది.

“కృపా, కప్పేద్దాం,” అన్నాడు శ్రీహర్ష. “ఎవరికి తెలుస్తుంది? ఒకటో తారీకు నాకు రెంటుంది.”

“నువ్వేమంటావే?” అని కృపాబాయి ధాత్రిని అడిగింది.

“నన్ను లాగకే,” అంది ధాత్రి, పులిహోర డబ్బా మూత తీస్తూ.

ఇలాంటి చోట కథలు చెప్పేవాళ్ళు నాయిక గుండెలో ఒక దీపం వెలిగిస్తారు. వెలిగిందేమీ లేదు. ఎందుకు అలా చేశావని తర్వాత ఎవరు అడిగినా ఆమె రెండే కారణాలు చెప్పింది. తొమ్మిది వందల అరవై ఐదు వరసలు తన చేతిరాతలో ఉన్నాయి, మిగిలిన ఏడూ అబద్ధమైతే మొత్తం అబద్ధమవుతుంది. ఇక రెండోది, “నాన్న ఊసెందుకండి ఆయనకి?”

ఆమె బకెట్లోంచి గులాబీ జెండాల కట్ట తీసింది. వంగి, మొదటి మచ్చలో ఒకటి గుచ్చింది. రెండో మచ్చలో రెండోది. “ఏయ్, ఏయ్!” అంటూ అచ్యుత్ వెనకాలే వచ్చి రెండు పీకాడు. అవి పీకే లోపల ఆమె ఆరు గుచ్చింది. ఆయన బూటు బురదలో జారింది, మోకాలి మీద పడ్డాడు. ఐరన్ చేసిన ప్యాంటు. లేచి తుడుచుకుంటుండగా టీనా ట్రక్కు గేటులోకి తిరిగింది. దూరం నుంచే ఆమెకు కనబడింది, రెండు వరసల్లో, వంపు తిరుగుతూ, ముప్పై ఏడు జెండాలు.

టీనా మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మచ్చనూ వేలితో తడిమి చూసింది. తర్వాత అన్న మొదటి మాట అచ్చు వేసేది కాదు. రెండో మాట, ఇది ఊరి ప్రాకారం అని. వెండాట్ పూర్వీకుల ఊరు, బహుశా ఐదు వందల డెబ్బై ఏళ్ళ నాటిది. పొడుగాటి ఇళ్ళు, వాటిలో వందల మంది, బయట మొక్కజొన్న చేలు, చుట్టూ రెండు వరసల దుంగల గోడ.

“గోడ అంటున్నరు, రాయి ఏది?” అన్నాడు అచ్యుత్. గోల్కొండ నీడలో పెరిగిన మనిషి. రాయి లేకపోతే కోట కాదు, కోట లేకపోతే చరిత్ర కాదు. అంతకన్నా ఎక్కువ ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయనా అడగలేదు.

“ఈ పెద్ద గుంత ఎవరు తవ్వారు? ఎప్పుడు?” అని టీనా అడిగింది.

“అది మతపరమైన విషయం,” అన్నాడు ఆయన ఇంగ్లీషులో. మూడు కవర్లూ తిరిగి జేబులోకి వెళ్ళాయి.

*

మర్నాడు పొద్దున్నే కృపాబాయి తండ్రికి ఫోన్ చేసింది. ఏసుపాదం అంతా విని ముందు ఒకటే అడిగాడు. “రాటకీ రాటకీ ఎంతుందే?”

“జానెడు.”

“అదేటే, అంత ఇరుగ్గా ఎవడేత్తాడు పందిరి? అది దడి. ఎవడో రాకుండా కట్టుకున్నారు.” అని తేల్చేసి, “మరి డబ్బులిచ్చారా?” అన్నాడు.

ఇవ్వలేదు. ఆ వారం సమాఖ్య జూమ్‌లో అత్యవసర సమావేశం పెట్టింది. నేల ముట్టకముందు పరీక్ష చెయ్యాలన్న షరతును దాటి యంత్రం పెట్టించిందెవరు అన్నది అసలు ప్రశ్న కావాలి. రెండు గంటలు మాట్లాడారు, ఆ ప్రశ్న ఎవరికీ గుర్తు రాలేదు. పూజ చేసిన గుంతను తవ్విన అమ్మాయి క్రిస్టియన్ అన్న సంగతి మాత్రం పది నిమిషాల్లో బయటికి వచ్చింది. వాట్సాప్‌లో అది ఇంకా పెరిగింది. సాయంత్రానికి ఆమె కలశాన్ని కాలితో తన్నింది. రాత్రికి చర్చి డబ్బిచ్చి పంపింది.

చర్చి ఏమిచ్చిందో కూడా చెప్పుకోవాలి. నార్త్ యార్క్‌లో ఒక స్కూలు జిమ్ అద్దెకు తీసుకుని ఆదివారాలు ఆరాధన జరిపే పాస్టర్ సువార్తరాజు గారి దగ్గరికి కృపాబాయి వెళ్ళింది. అచ్యుత్‌కు ఒక మాట చెప్పమని అడిగింది. మిగతా రోజుల్లో పాస్టర్ గారి ఉద్యోగమూ అచ్యుత్ బ్యాంకులోనే.

“క్షమించాలమ్మా,” అన్నారు సువార్తరాజు గారు. “ఏడు డెబ్బైల మార్లు అన్నాడు ప్రభువు.”

“క్షమిస్తానండి. ఏడో తారీకులోగా చెక్కు ఇప్పించండి, ఎనిమిదిన క్షమిస్తాను.”

“అలా వెటకారంగా మాట్లాడకూడదు తల్లీ. ప్రార్థనలో పెడదాం. వచ్చే ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పు. విగ్రహాల మధ్య దేవుడు నిన్నెలా నిలబెట్టాడో.”

“నన్ను నిలబెట్టింది మా నాన్న నేర్పిన పనండి,” అంది కృపాబాయి, “విగ్రహాల సంగతి నాకు తెలీదు.” సాక్ష్యం చెప్పలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, కొత్త హాలులో క్రిస్మస్ సభలకు సగం అద్దెకే మూడు రోజులు ఇస్తామని అచ్యుత్ ఎప్పుడో మాటిచ్చాడు. సువార్తరాజు గారు ఆ విషయం కూడా ప్రార్థనలో పెట్టే ఉంటారు.

శ్రీహర్షకు, ధాత్రికి చెక్కులు ముట్టాయి. దానికి ముందు ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం చేశారు. ‘పూజాస్థలాన్ని కృపాబాయి సొంత నిర్ణయంతో, మేము వద్దంటున్నా తవ్వినది.’ ధాత్రి ఆ రాత్రి ఏడ్చింది. ఏడుస్తూనే తన ఫీజు కట్టుకుంది.

జులై ఏడు వచ్చింది, పోయింది. పదో తేదీన కాలేజీ ఆమె కోర్సులు రద్దు చేసింది. అప్పటికే కట్టిన డబ్బు పోయింది. డిసెంబరులో అయిపోవాల్సిన చదువు మరుసటి ఏప్రిల్‌కు జరిగింది. రద్దు ఉత్తరం కింద కూడా ‘మీ విజయమే మా ఆనందం’ అని ఉంది. అది ఎవరూ తీసేయలేదు కాబోలు.

ఆగస్టులో వెండాట్ జాతి తరఫున ఒకావిడ వచ్చి స్థలం చూసింది. ఆమె చేతులెత్తి ఆకాశానికి ఏదో చెబుతుందని ఫోన్లు పట్టుకుని నిలబడ్డ కమిటీ సభ్యులకు నిరాశే మిగిలింది. ఆమె ఫోటోలు తీసింది, కొలతలు అడిగింది, రిపోర్టు కాపీ ఎప్పటికి వస్తుందని అడిగింది, వెళ్ళేటప్పుడు ఆ పెద్ద గుంత ఎవరిదని అడిగింది. టీనా చెప్పింది. ఆమె ఒకసారి అచ్యుత్ వైపు చూసి కారెక్కింది. తర్వాత ప్రభుత్వం నుంచి సమాఖ్యకు ఉత్తరం వచ్చింది. దాన్లో ‘మతపరమైన విషయం’ అన్న జవాబుకు చోటు లేదు. మొత్తం తవ్వి చూడాలంటే అయ్యే ఖర్చు హాలు కట్టే ఖర్చులో సగం దాకా తేలింది. నలభై మూడు కుటుంబాలు ఆరెకరాల్నీ అమ్మకానికి పెట్టాయి. ఊరి గోడ మాత్రం పక్క పొలం కంచె కింద నుంచి ఎక్కడిదాకా పోతుందో ఇప్పటికీ ఎవరూ చూడలేదు.

టీనా రిపోర్టులో దొరికిన వస్తువుల పట్టిక ఉంది. నాలుగో వరస ఇది. రాగి పాత్ర, ఒకటి, ఇరవై ఒకటో శతాబ్దం. ఐదో వరసలో నవరత్నాలు. తొమ్మిదీ గాజువే.

కృపాబాయి ఆ సెప్టెంబరు నుంచి చదువు మధ్యలో టీనా దగ్గర పనిచేసింది, గంటకు ఇరవై రెండు డాలర్లకు. ఇప్పుడు పూర్తి ఉద్యోగం. ఎండాకాలమంతా గుంతలు, చలికాలమంతా ఫారాలు. సప్లై చైన్ డిప్లొమా ఒషావా బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలో ఉంది. కమ్యూనిటీ వేడుకలకు ఆమెను ఎవరూ పిలవరు, ఆమెకు తీరికా లేదు. కొత్త స్థలంలో దిగితే వాన పడ్డ మర్నాడు అందరికన్నా ముందు వెళ్ళి ఒక చక్కర్ కొట్టి వస్తుంది. మీ నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, “మీరేం చేస్తారు?” అంటుంది.

కార్మిక శాఖకు ఆమె ఫిర్యాదు పెట్టింది. సంభావన, సేవ అన్న మాటలను ఆ అధికారి ఓపిగ్గా విని, ఇది కూలి అని రాశాడు. గంటకు పదిహేనున్నర చొప్పున నూట ఎనభై గంటలు. వారానికి నలభై నాలుగు దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు. దాని మీద నాలుగు శాతం సెలవు జీతం. ఉత్తర్వు వచ్చిన నెలకే సౌరభ తెలుగు సమాఖ్య రద్దయింది. అవే కుటుంబాలు, అదే అధ్యక్షుడు, పరిమళ తెలుగు సమాఖ్య అని కొత్తగా రిజిస్టర్ చేసుకున్నారు. పాత సంస్థ అప్పులతో తమకు సంబంధం లేదని వాళ్ళ లాయరు రాశాడు.

కృపాబాయికి రావలసింది మూడు వేల రెండు వందల ఎనభై ఎనిమిది డాలర్ల నలభై ఎనిమిది సెంట్లు. ఇవాళ్టి దాకా ఒక్క సెంటు రాలేదు.